మూడు పురుల త్రాడు, దానిని గుర్తించు కణము

ఒంగోలునకు తూర్పున, సముద్రపుటొడ్డున నున్న కొత్తపట్నమునందు అలివి వలను ఒడ్డునకు లాగు వేళ మోకును చేత బట్టి చూచినవారికి ఒక సంగతి తెలియును. ఆ మోకు ఒకే పోగు కాదు. సన్నని నారలను పేని పురులుగా జేసి, ఆ పురులను మరల ఒకదానితో నొకటి పెనవేసినపుడు మోకు తయారగును. విడిగా లాగినచో తెగిపోవు పురులే, మూడును కలిసినపుడు ఇరువదిమంది లాగినను తెగవు. కొబ్బరినార స్థానమున నైలాను వచ్చినది గాని, పేనుటలోని కిటుకు మాత్రము మారలేదు.

మన శరీరమునందును ఇట్టి మూడు పురుల త్రాడు కలదు. దాని పేరు కొల్లాజెన్. చర్మమునకు బిగువు, ఎముకకు పట్టు, కండరమును ఎముకకు గట్టి యుంచు పట్టీలకు బలము, కీళ్ళలోని మృదులాస్థికి గట్టిదనము, ఇవి యన్నియు దానివలననే కలుగుచున్నవి. శరీరమునందలి మాంసకృత్తులలో ఇంచుమించు మూడవవంతు కొల్లాజెనే. ఒంగోలు గిత్త ఒంటిమీది చర్మమును, పండుగనాడు మ్రోగు డప్పునకు బిగించిన తోలును ప్రధానముగా దీనితో నేర్పడినవే. చచ్చిన తోలులోని కొల్లాజెన్‌ను కుళ్ళిపోకుండ నిలుపుటయే తోలు పదునుచేయుట యను వృత్తియొక్క సారాంశము.

ఈ త్రాటి నిర్మాణమును కనుగొనుటలో మన దక్షిణదేశమునకు గొప్ప పాలు కలదు. 1954వ సంవత్సరమున మదరాసు విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను ఇరువురు, ఎక్స్ కిరణముల సాయమున కొల్లాజెన్ పరిశీలించి, అది మూడు గొలుసులు పెనవేసికొనిన రూపమని ప్రకటించిరి. వారికి కావలసిన కొల్లాజెన్ లభించినది ఎక్కడనో కాదు, సమీపముననే యున్న కేంద్ర తోళ్ళ పరిశోధనాసంస్థలో. కంగారు అను ఆస్ట్రేలియా జంతువు తోకలోని పట్టీనుండి తీసిన నార యది. తోళ్ళ సంస్థ యనగానే దుర్వాసనయు, సున్నపు గుంటలును తలపునకు వచ్చుట సహజము. కాని ప్రపంచమున జీవశాస్త్రజ్ఞులందరును నేటికిని చెప్పుకొను ఒక ఆవిష్కరణకు ముడిసరకు అక్కడినుండియే వచ్చినది. ఆ సంస్థకు 1958వ సంవత్సరము మొదలు 1971వ సంవత్సరమువరకు అధిపతిగా నుండి దానికి దేశదేశములలో పేరు తెచ్చిన యలవర్తి నాయుడమ్మగారు నాటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామమున 1922లో జన్మించినవారు. 1985వ సంవత్సరము జూను 23వ తేదీన అట్లాంటిక్ సముద్రముమీద జరిగిన కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన అసువులు బాసిరి.

ఆ త్రాటియందు ఒక నియమము కలదు. గొలుసునందు వరుసగా నుండు ఎమినో ఆమ్లములలో ప్రతి మూడవదియు గ్లైసినే కావలెను. ఎమినో ఆమ్లములన్నిటిలో అతి చిన్నది గ్లైసిన్. మూడు గొలుసులు కలిసికొను నడిమి ఇరుకులో దానికి మాత్రమే చోటు చాలును. ఆ స్థానమున మరియొకటి వచ్చినచో త్రాడు వదులగును. ఒక్క గ్లైసిన్ మారినందువలన పసితనమునుండి ఎముకలు పెళుసై విరిగిపోవు పిల్లలు కలరు.

మరియొక నియమము మన మిరపచేలకు సంబంధించినది. గొలుసులోని ప్రోలిన్ అను ఎమినో ఆమ్లమునకు ఒక చిన్న అణుసముదాయము చేరినగాని మూడు పురులు శరీరపు వేడికి నిలువవు. ఆ చేర్చు పనికి విటమిన్ ‘సి’ అవసరము. అది కొఱవడినవారికి చిగుళ్ళు నెత్తురోడును, ఏనాడో మానిన గాయములు సైతము తిరిగి విచ్చును. ఈ విటమిన్‌ను సమృద్ధిగా వేరుచేయుటకు హంగరీ దేశమున సెగెడ్ నగరమునందు ఆల్బర్ట్ సెంట్ జార్జీ వాడినది నారింజపండు కాదు, ఆ దేశపు మిరపపండు. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది. ఆ మిరపయు మన గుంటూరు మిరపయు ఒకే జాతివి. అయితే కల్లములలో ఎండబోసిన మిరపకాయలో ఆ విటమిన్ చాలవరకు నశించును గనుక, కారము మెండుగా తినువారికి విటమిన్ మెండుగా లభించునని యెంచరాదు. పచ్చిమిరపకాయ సంగతి వేరు.

ఇక వంటయింటికి వత్తము. రాత్రి వండిన చేపలపులుసు తెల్లవారునప్పటికి పేరుకొని గిన్నెకు అంటుకొనియుండుట ప్రతి గృహిణియు ఎఱిగినదే. చేప చర్మములోను ఎముకలలోను ఉన్న కొల్లాజెన్ మరుగు నీటిలో పురులు విప్పుకొని, విడివిడి గొలుసులై, చల్లారిన పిమ్మట చిక్కుపడి గట్టిపడును. దానినే జెలటిన్ అందురు. మేకకాళ్ళ పులుసు చల్లారిన మీదట పేరుకొనుటకును ఇదియే కారణము. నారలన్నియు ఉన్నవి, త్రాడు మాత్రము లేదు. శ్రోతలు ఈ మాట గుర్తుంచుకొనవలెనని మా ప్రార్థన. దీనితో మరల పని పడును.

కొల్లాజెన్ కేవలము కట్టుత్రాడనియు, కణములు దానిని అంటిపెట్టుకొని యుండునే గాని దానితో వేరే పని లేదనియు చాలకాలము అనుకొనిరి. ఇల్లు కట్టిన ఇటుకతో ఇంటివారికి మాటలుండునా? కాని కణమునకు తన చుట్టునున్న కొల్లాజెన్ ఎట్లున్నదో తెలియవలసియుండును. గాయము తగిలి నెత్తురు నాళము తెగినపుడు, లోపల దాగియున్న కొల్లాజెన్ బయటపడగానే నెత్తురులోని సూక్ష్మఫలకములు దానిని తాకి, మేల్కొని, ఒకచోట గుమిగూడి గండి పూడ్చును. ఆ తాకిడిని గ్రహించుటకు వాని పైపొరయందు ప్రత్యేకమైన గ్రాహకములు కలవు. ఇట్టి గ్రాహకములు పెక్కు. వానిలో ఒక జతను గూర్చి మేము నేడు చెప్పదలచితిమి. ఆ జత పేరు డిస్కాయిడిన్ డొమెయిన్ గ్రాహకములు. పేరు పొడవు గనుక శాస్త్రజ్ఞులు డీడీఆర్ ఒకటి, డీడీఆర్ రెండు అని పిలుచుచున్నారు.

పేరునకు వెనుక ఒక చిత్రమైన వంశవృక్షమున్నది. అడవిలో కుళ్ళిన ఆకులక్రింద జీవించు, కంటికి కానరాని ఒక బంక జీవి కలదు. ఆహారము దొరకినంతకాలము ఒంటరి కణములుగా తిరుగును. కరవు వచ్చినపుడు వేలకొలది కణములు కూడబలుకుకొని ఒకే దేహముగా కలియును. ఆ జీవియందు దొరకిన ఒక మాంసకృత్తునకు డిస్కాయిడిన్ అని పేరు. దానిని పోలిన భాగమే మన కణముల గ్రాహకముల తలభాగమున నున్నది. 1990 తరువాతి తొలి సంవత్సరములలో ఈ గ్రాహకముల జన్యువులను గుర్తించినవారికి, ఇవి దేనిని గ్రహించునో తెలియలేదు. తలుపు గొళ్ళెము దొరకినది గాని దానిని తట్టువారెవరో కానరాలేదు. 1997లో రెండు పరిశోధక బృందములు విడివిడిగా చెప్పిన సమాధానము ఒక్కటే: కొల్లాజెన్.

ఈ గ్రాహకము సుమారు 900 ఎమినో ఆమ్లముల పొడవైన గొలుసు. తల కణమునకు వెలుపల, నడుము పైపొరయందు, కాళ్ళు లోపల. వెలుపల కొల్లాజెన్ తగిలినపుడు, లోపలి భాగమునందలి టైరోసిన్ అను ఎమినో ఆమ్లములకు ఫాస్ఫేటు ముక్కలు అతుకుకొనును. ఆ ఫాస్ఫేటే వార్త. దానిని చదివి కణము ఎదుగుటయో, కదలుటయో, క్రొత్త కొల్లాజెన్ అల్లుటయో నిర్ణయించుకొనును. ఇదే కుటుంబమునకు చెందిన ఇన్సులిన్ గ్రాహకము కొన్ని నిమిషములలో మేల్కొనును. డీడీఆర్ మాత్రము నిదానస్థుడు. కొల్లాజెన్ తగిలిన పిమ్మట కొన్ని గంటలకుగాని పూర్తిగా స్పందింపడు, స్పందించిన పిమ్మట చాలసేపు విడువడు. త్రాడు రాత్రికి రాత్రి మారునది కాదు గదా! నిదానమైన వస్తువునకు నిదానమైన కావలివాడు తగియున్నాడు.

ఇంతకన్న ముఖ్యమైన విషయమొకటి. మూడు పురులు చెదరని కొల్లాజెన్‌నే ఈ గ్రాహకము గుర్తించును. అదే కొల్లాజెన్‌ను కాచి జెలటిన్ చేసి యిచ్చినచో పలుకదు. ఎమినో ఆమ్లములన్నియు అవియే, వరుసయు అదియే. రామచంద్రన్ బృందము కాగితముమీద గీసి చూపిన ఆ పెనవేత మాత్రము లేదు. 1954లో మదరాసులో కనుగొన్న రూపమును జీవకణము తన పుట్టుకనుండియు ఎఱిగియున్నది.

నేడు పత్రికలలో, అంగళ్ళలో కొల్లాజెన్ పొడులను గూర్చిన ప్రకటనలు మెండుగా కనబడుచున్నవి. అందుచే ఒక మాట చెప్పుట అవసరము. ఆ పొడులలో నుండునది కాచి, విరుగగొట్టిన కొల్లాజెన్. కడుపులోనికి పోయిన పిమ్మట అది ఇంకను చిన్న ముక్కలై, ఎమినో ఆమ్లములై నెత్తురులో చేరును. త్రాడు త్రాడుగా పోయి చర్మమున చేరుట యనునది లేదు. కొనువారు కొనవచ్చును గాని, చేపలపులుసుకన్న అది చేయు అద్భుతమేమో మాకు తోచుట లేదు.

సరి, ఈ గ్రాహకము కణముమీద ఉన్నదో లేదో, మేల్కొన్నదో నిద్రించుచున్నదో కనుగొనుట యెట్లు? సూక్ష్మదర్శినిలో పెట్టి చూచినంతమాత్రమున అది కనబడదు. దానికి వాడు సాధనమే ప్రతిరక్షకము, అనగా యాంటీబాడీ.

ప్రతిరక్షకమను మాట క్రొత్తగా తోచినను, దాని ఫలము మన పొలములలో పనిచేయువారికి పాతదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, వీని విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకు ఎక్కించిన, ఆ గుఱ్ఱముల నెత్తురులో విషమును పట్టి బంధించు పదార్థము తయారగును. అదియే పాముకాటు మందు. 1890లో బెర్లిను నగరమున బేరింగ్, కిటసాటో అనువారు కంఠసర్పి, ధనుర్వాతములను గూర్చి కనుగొన్న సత్యము దీనికి పునాది. శరీరమునకు క్రొత్తదైన మాంసకృత్తు వంటి పదార్థము లోనికి వచ్చినపుడు, దానికి సరిగా అతుకు ప్రతిరక్షకమును శరీరము తయారుచేయును. విషమునకు బదులు డీడీఆర్ గ్రాహకపు ముక్కను కుందేలునకు ఎక్కించినచో, కుందేలు డీడీఆర్‌ను పట్టు ప్రతిరక్షకము నిచ్చును.

ఇందొక చిక్కు కలదు. ఒక కుందేలు నెత్తురులో నుండునది ఒకే రకపు ప్రతిరక్షకము కాదు, పలు రకముల కలగలుపు. ఆ కుందేలు చచ్చిన పిమ్మట అదే కలగలుపు మరల దొరకదు. 1975లో కేంబ్రిడ్జినందు కోలర్, మిల్‌స్టైన్ అనువారు ఒక ఉపాయము కనుగొనిరి. ప్రతిరక్షకమును తయారుచేయు ఒక్క కణమును, చావు లేకుండ పెరుగు క్యాన్సరు కణముతో కలిపివేసిరి. కలిసిన కణము ఒకే రకపు ప్రతిరక్షకమును ఎడతెగక స్రవించును. వారికి 1984లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇటీవల ఆ కణములతో గూడ పని లేకుండ, ప్రతిరక్షకపు జన్యువును చదివి వ్రాసిపెట్టుకొని, ఎప్పుడు కావలసిన నప్పుడు అచ్చముగా దానినే తయారు చేయుచున్నారు.

డీడీఆర్‌కొఱకు తయారైన ప్రతిరక్షకములలో పలు విధములు కలవు. కొన్ని వెలుపలి తలను పట్టును. కొన్ని లోపలి కాళ్ళను పట్టును. అన్నిటికన్న నాజూకైనవి ఫాస్ఫేటు అతికిన టైరోసిన్‌నే పట్టునవి. గ్రాహకము నిద్రించుచున్నంతకాలము అవి దానిని తాకవు. మేల్కొనిన క్షణమున తాకును. ప్రయోగము ఈ విధముగా జరుగును. కణములను రెండు పాత్రలలో పెంచి, ఒకదానికి కొల్లాజెన్ చేర్చి, కొన్ని గంటలు ఆగి, రెండింటిని కరగించి, అందలి మాంసకృత్తులను పరిమాణమునుబట్టి విడదీసి, ఒక పలుచని పొరమీదికి ఎక్కింతురు. ఆ పొరను ప్రతిరక్షకపు ద్రవమున ముంచి తీసి, అది ఎక్కడ అంటినదో వెలుగు వచ్చునట్లు చేయుదురు. కొల్లాజెన్ తగిలిన కణముల వరుసలో ఒక నల్లని గీత కనబడును, తగులని వరుసలో కనబడదు. నెలల తరబడి శ్రమ ఆ గీతమీద ఆధారపడియుండును.

ఆ గీత అబద్ధమాడినచో? ప్రయోగశాలకు ఇట్టి ప్రతిరక్షకము చిన్న బుడ్డిలో మంచుగడ్డలనడుమ వచ్చును. అందుండు ద్రవము రెండు మూడు చుక్కలకు మించదు. ఖరీదు మాత్రము ఒక పరిశోధక విద్యార్థికి నెలకు వచ్చు వేతనములో చెప్పుకోదగిన భాగముండును. బుడ్డిమీద ‘డీడీఆర్ ఒకటి’ అని యున్నంతమాత్రమున లోపలిది దానినే పట్టునని నమ్ముట కష్టము. డీడీఆర్ ఒకటికిని రెండునకును లోపలి భాగమున పోలిక మెండు. అన్నను పట్టవలసినది తమ్ముని పట్టవచ్చును. అసలు సంబంధములేని మూడవవానిని పట్టవచ్చును.

ఇది ఊరక కల్పించిన భయము కాదు. 2015లో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో, పరిశోధనకు వాడు ప్రతిరక్షకములను జన్యువరుస తెలిసిన రీతిని తయారుచేయవలెనని కోరిరి. 2023లో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలనలో, మెదడునకు సంబంధించిన 65 మాంసకృత్తులకై అమ్మబడుచున్న 614 ప్రతిరక్షకములను పరీక్షించి చూచిరి. సగమునకు పైగా ఏదో ఒక ఉపయోగమున విఫలమైనవి. విఫలమైన వానితో చేసిన ప్రయోగములు, సగటున ఒక్కొక్క మాంసకృత్తునకు పండ్రెండు వ్యాసముల లెక్కన, అప్పటికే అచ్చయి యుండెను. విత్తన దుకాణమున కల్తీ మిరప విత్తనము కొన్న రైతునకు పంట వచ్చు వేళ నిజము తెలియును. ఇక్కడ పంట అచ్చయి గ్రంథాలయములకు చేరిన పిమ్మటను నిజము తెలియకపోవచ్చును.

ఆ పరిశీలకులు వాడిన పద్ధతి సులభమైనది, మా మతమున అన్నిటికన్న నమ్మదగినది. ఏ మాంసకృత్తును పట్టవలెనో దాని జన్యువును కణమునుండి పూర్తిగా తొలగింతురు. అప్పుడు ఆ కణములో ఆ మాంసకృత్తు ఉండదు. ఉండనిదానిని చూపు గీత వచ్చినచో ప్రతిరక్షకము తప్పని తేలిపోవును. 2012 తరువాత జన్యువులను కత్తిరించు క్రిస్పర్ పద్ధతి రావడముతో ఇది తేలికైనది. డీడీఆర్ విషయమున మరియొక పరీక్షయు అదనముగా కలదు. అది చేపలపులుసు పరీక్ష. కొల్లాజెన్‌నకు బదులు జెలటిన్ వేసినను మేల్కొనిన గీత కనబడినచో, ఎక్కడనో పొరపాటున్నట్లే.

ఒక గ్రాహకముకొఱకు ఇంత శ్రమయేల యని శ్రోతలు అడుగవచ్చును. 2001లో డీడీఆర్ ఒకటి లేని చుంచులను పుట్టించి చూచిరి. అవి పొట్టిగా పెరిగినవి. ఆడ చుంచుల రొమ్ము గ్రంథులు సరిగా ఏర్పడక, పిల్లలకు పాలియ్యలేకపోయినవి. డీడీఆర్ రెండు లేని చుంచులు మరుగుజ్జులైనవి. మనుష్యులలో గూడ ఆ జన్యువు చెడినందువలన కాలుసేతులు పొట్టియై, వెన్నెముక వంకరపోవు అరుదైన వ్యాధి కలదని 2009లో తెలిసినది. మూత్రపిండములు క్రమముగా మచ్చలుగట్టి చెడిపోవు ఒక వంశపారంపర్య వ్యాధి గల చుంచులలో డీడీఆర్ ఒకటిని తొలగించినపుడు, అవి ఎక్కువకాలము జీవించినవి. మచ్చ యనగా అవసరమునకు మించి పేరుకొనిన కొల్లాజెనే. గాయము మాన్పు కావలివాడు ఆగవలసినచోట ఆగకున్న మూత్రపిండమునకు చేటు.

క్యాన్సరు విషయమున 2021లో ‘నేచర్’ పత్రిక ప్రకటించిన పరిశోధన ఇంతకన్న ఆశ్చర్యకరము. రొమ్ము క్యాన్సరులలో కొన్నిటియందు, గడ్డ చుట్టును కొల్లాజెన్ నారలు వరుసదీరి బిగువైన దడివలె నిలుచును. రోగముతో పోరాడవలసిన తెల్లకణములు ఆ దడి దాటి లోనికి పోలేవు. డీడీఆర్ ఒకటియొక్క వెలుపలి భాగమే ఆ నారలను వరుసలో నిలుపుచున్నదని వారు చూపిరి. ఆ భాగమును పట్టు ప్రతిరక్షకమును చుంచులకు ఇచ్చినపుడు నారల వరుస చెదరినది, తెల్లకణములు లోనికి చొచ్చినవి, గడ్డలు తగ్గినవి. గీత చూపు సాధనముగా బుడ్డిలో వచ్చినది, ఇక్కడ తానే మందు కావచ్చునను ఆశ కల్పించినది.

ఆశకును ఔషధమునకును నడుమ దూరము చాల కలదు. ప్రయోగశాలకు వచ్చు బుడ్డిమీద ‘పరిశోధనకు మాత్రమే’ యని వ్రాసియుండును. దానిని మనుష్యునకు ఎక్కింపరాదు. చుంచునుండి వచ్చిన ప్రతిరక్షకమును మన శరీరము పరాయిదిగా నెంచి, దానిమీదనే ప్రతిరక్షకమును తయారుచేయును. గుఱ్ఱపు నెత్తురునుండి వచ్చిన పాముకాటు మందునకు కొందరికి దద్దుర్లు లేచి ఆయాసము వచ్చుటయు కలదు. కావున ప్రతిరక్షకపు గుర్తుపట్టు కొనలను మాత్రము ఉంచి, తక్కిన దేహమును మానవరూపమునకు మార్పవలెను. అట్లు మార్చిన డీడీఆర్ ప్రతిరక్షకముతో క్యాన్సరు రోగులమీద తొలిదశ పరీక్షలు ప్రారంభమైనవి. ఆ దశలో మొదట చూచునది గడ్డ కరగినదా యని కాదు, ఎంత మోతాదువరకు రోగికి హాని కలుగదను విషయమును మాత్రమే.